యంత్రం ఖర్చెంత? మనిషి జీతమెంత?



ప్రతి సంవత్సరం ఈ సంచికలో చదువుకు సంబంధించిన ఒక విషయాన్ని పాఠం రూపంలో మీ ముందుంచుతున్నాము. ఈసారి పాఠం లెక్కలది. ఐదో తరగతి పిల్లలు కూడా చేయగల కూడికలు, తీసివేతలే ఇందులో ఉన్నాయి. అయితే ఏ అంకెను లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని మరిచిపోతున్నాము అన్నదే అసలు విషయం. దయచేసి చివరి వరకు చదవవలసిందిగా మనవి.

1. మా ముందుకు వచ్చిన రెండు ప్రశ్నలు

గత సర్వసభ్య సమావేశంలో ఒక పెద్ద మనిషి లేచి ఇలా అడిగారు: "మాస్టారూ, సాయంత్రం ట్యూషన్ సెంటరులో నలుగురు టీచర్లకు నెలకు 24 వేలు ఇస్తున్నాం. నెలకు 2 వేలు కడితే ఎ.ఐ. ఏ ప్రశ్నకైనా జవాబు చెబుతుందట. మా కొట్లో గుమస్తాను మాన్పించి అదే పెట్టుకుందామని మా అబ్బాయి కూడా అంటున్నాడు. దాతల సొమ్ము పొదుపు చేయడం మన బాధ్యత కాదా?"

ఆయన అడిగిన దానిలో తప్పు లేదు. దాతల సొమ్ము అమానత్. ఒక్క రూపాయి వృథా అయినా జవాబు చెప్పుకోవలసింది మనమే. అందువల్ల అప్పటికప్పుడు కోపంగానో, మొహమాటంగానో సమాధానం చెప్పక, లెక్క వేసి చెబుతామని మాత్రం అన్నాము.

రెండో ప్రశ్న ఆ తరువాత రెండు వారాలకు వచ్చింది. మన సంఘం ఖర్చుతో డేటా ఎంట్రీ కోర్సు చేసిన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. మూడేళ్ళుగా ఒక ఆఫీసులో నెలకు 14 వేల జీతానికి పనిచేస్తూ ఇల్లు గడుపుతోంది. ఫారాలు చదివి కంప్యూటరులో ఎక్కించే పని. ఆ పనిని ఇప్పుడు యంత్రానికి అప్పగించారు. ఆమెతో కలిపి ఆరుగురిని మాన్పించారు. "సార్, ఆ కోర్సు మీరే చేయమన్నారు. ఇప్పుడు ఏ కోర్సు చేయమంటారు?" అని అడిగింది. నిష్ఠూరంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు.

ఒకరు డబ్బు ఇచ్చేవారు, మరొకరు ఆ డబ్బుతో చదువుకున్నవారు. ఇద్దరూ అడిగింది ఒకే లెక్క గురించి. ఆ లెక్కనే ఇక్కడ మొదటి నుండి చేసి చూద్దాం.

2. ముందుగా ఒక పాత పాఠం: కాతిబులు

యంత్రం వచ్చి మనిషి పనిని తీసుకోవడం మనకు కొత్త కాదు. ఉర్దూ పత్రికలను ఒకప్పుడు కాతిబులు చేతితో రాసేవారు. నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు ఒకదానిమీద ఒకటి వాలుతూ, పక్క అక్షరాన్నిబట్టి ఆకారం మార్చుకుంటూ సాగుతాయి. అందువల్ల సీసపు అక్షరాలతో దాన్ని కూర్చడం చాలా కష్టం. పత్రిక మొత్తం కలంతో రాసి, దాన్ని ముద్రించేవారు. 1927లో చెన్నైలో మొదలైన 'ది ముసల్మాన్' అనే ఉర్దూ దినపత్రిక ఈ చేతిరాతకు ప్రసిద్ధి పొందింది. హైదరాబాదులో ఛత్తా బజారు పెళ్ళి కార్డులంటే నేటికీ పేరున్నది.

1981లో పాకిస్తానుకు చెందిన మీర్జా అహ్మద్ జమీల్, మోనోటైప్ సంస్థతో కలిసి నూరీ నస్తాలీఖ్ అనే అక్షరమాలను తయారుచేశారు. తరువాత 1990లలో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. కాతిబు చేతితో రాసే పేజీని కంప్యూటరు ఆపరేటరు అంతకంటే తక్కువ సమయంలో కూర్చసాగాడు. కాతిబుల పని తరిగిపోయింది.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఆ అక్షరాలు యంత్రం పుట్టించినవి కావు. జమీల్ గారు వేలాది అక్షర సముదాయాలను ముందుగా చేతితో రాశారు. వాటినే కంప్యూటరులోకి ఎక్కించారు. అంటే యంత్రం లోపల ఉన్నది ఒక కాతిబు చేతి కష్టమే. రెండు, కొందరు కాతిబులు కంప్యూటరు ముందు కూర్చోవడం నేర్చుకున్నారు. వారి చేతికి అక్షరం అందం ముందే తెలుసు కనుక మంచి ఆపరేటర్లయ్యారు. నేర్పేవారు దొరకనివారు కలం పక్కన పెట్టి వేరే పనులు వెతుక్కున్నారు. ఇద్దరి నైపుణ్యంలో పెద్ద తేడా లేదు. ఆ సమయంలో ఆసరా ఇచ్చినవారు ఉన్నారా లేదా అన్నదే తేడా.

ఈ రెండు సంగతులనూ గుర్తుపెట్టుకుని నేటి యంత్రం దగ్గరకు వద్దాం.

3. బిల్లు మీద కనబడే ఖర్చు

కృత్రిమ మేధకు డబ్బు రెండు విధాలుగా కట్టించుకుంటారు. ఒకటి నెలవారీ చందా, మనిషికి ఇంత అని. రెండోది వాడకాన్నిబట్టి, కరెంటు మీటరులాగా. పెద్ద సంస్థలు రెండో పద్ధతిలోనూ కడతాయి.

ఈ మీటరు ఎలా తిరుగుతుందో తెలుసుకోవాలి. యంత్రం మన మాటలను చిన్న చిన్న ముక్కలుగా చేసి చదువుతుంది. వాటిని టోకెన్లు అంటారు. మనం అడిగిన ప్రశ్నలోని ముక్కలకు ఒక ధర, అది రాసిన జవాబులోని ముక్కలకు మరొక ధర. ముక్కలు ఎన్ని ఎక్కువైతే బిల్లు అంత ఎక్కువ.

మన భాషలకు దీనితో నేరుగా సంబంధం ఉంది. 2024 మే నెలలో ఓపెన్ఎ.ఐ. సంస్థ జీపీటీ-4ఓ అనే నమూనాను విడుదల చేస్తూ ఒకే పలకరింపు వాక్యాలను ఇరవై భాషల్లో ఇచ్చి ముక్కలు లెక్కపెట్టి చూపింది. పాత పద్ధతిలో ఇంగ్లీషుకు 27 ముక్కలు, ఉర్దూకు 82, తెలుగుకు 159. అంటే అదే మాటను తెలుగులో చెబితే దాదాపు 6 రెట్ల ముక్కలు. కొత్త పద్ధతిలో ఇంగ్లీషుకు 24, ఉర్దూకు 33, తెలుగుకు 45. తేడా బాగా తగ్గింది, అయినా పూర్తిగా పోలేదు. ఇంగ్లీషులో లెక్కవేసిన ఖర్చును తెలుగు పనికి అలాగే వర్తింపజేయకూడదని దీనివల్ల తెలుస్తోంది.

ధరలు వేగంగా పడిపోతున్నాయన్నదీ నిజమే. 2023 మార్చిలో జీపీటీ-4కు పది లక్షల టోకెన్ల ప్రశ్నకు 30 డాలర్లు ఉండేది. 2024 జూలైలో అదే సంస్థ విడుదల చేసిన చిన్న నమూనాకు అంతే వాడకానికి 15 సెంట్లు, అంటే 200వ వంతు. కాబట్టి ఈ సంవత్సరం వేసిన లెక్క వచ్చే సంవత్సరానికి పనికిరాదు. మళ్ళీ వేయాలి.

బిల్లు మాత్రమే చూస్తే ఆ పెద్దమనిషి మాటే నిజం. యంత్రం చౌక. ఇప్పుడు బిల్లు దాటి చూద్దాం.

4. రొట్టెల దుకాణం లెక్క

2024 జనవరిలో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు ఒక అధ్యయనం వెలువరించారు. కంటితో చూసి చేసే పనులను యంత్రానికి అప్పగిస్తే నిజంగా డబ్బు మిగులుతుందా అన్నది వారి ప్రశ్న. అందులో ఒక చిన్న ఉదాహరణ మాకు ఎంతో నచ్చింది. తరగతిలో కూడా చెప్పాము.

ఒక బేకరీలో ఐదుగురు పనివారు. ఒక్కొక్కరికి సంవత్సరానికి 48 వేల డాలర్ల జీతం. పిండి, వెన్న, గుడ్లు చెడిపోయాయా లేదా అని చూసుకోవడం వారి పనిలో సుమారు 6 శాతం. కెమెరా పెట్టి ఆ పరిశీలన యంత్రంతో చేయించవచ్చు. ఎంత మిగులుతుంది? ఐదుగురి జీతం 2,40,000 డాలర్లు. అందులో 6 శాతం అంటే 14,400 డాలర్లు. అటువంటి కెమెరా వ్యవస్థను తయారు చేయించి, అమర్చి, ప్రతి సంవత్సరం మరమ్మతు చేయించడానికి అంతకంటే ఎంతో ఎక్కువ ఖర్చవుతుంది. కాబట్టి చిన్న బేకరీకి అది గిట్టుబాటు కాదు.

అమెరికాలో కంటితో చేసే ఇటువంటి పనులకు ఇస్తున్న జీతాల మొత్తంలో, అప్పటి ధరల్లో యంత్రానికి అప్పగిస్తే గిట్టుబాటు అయ్యేది 23 శాతం మాత్రమేనని వారు తేల్చారు. యంత్రం ఆ పని చేయగలదా అన్నది ఒక ప్రశ్న. చేయిస్తే లాభమా అన్నది మరొక ప్రశ్న. ఈ రెండింటినీ మనం కలిపేస్తున్నాము.

మరొక పాఠం కూడా ఇందులో ఉంది. బేకరీ మనిషి పని ఒక్కటి కాదు, ఇరవై పనుల మూట. యంత్రం ఆ మూటలో ఒకటో రెండో తీసుకుంటుంది. మిగతా పద్దెనిమిది పనులకు మనిషి ఉండవలసిందే. ఒకటి రెండు పనులు తగ్గాయని అతని జీతం మొత్తం మిగిలినట్లు లెక్క రాసుకోవడం పొరపాటు.

5. మాన్పించి, మళ్ళీ పిలిచినవారు

ఈ పొరపాటు పెద్ద పెద్ద సంస్థలు కూడా చేశాయి.

స్వీడన్ దేశానికి చెందిన క్లార్నా అనే చెల్లింపుల సంస్థ 2024 ఫిబ్రవరిలో ఒక ప్రకటన చేసింది. తమ ఎ.ఐ. సహాయకుడు మొదటి నెలలోనే 23 లక్షల సంభాషణలు జరిపిందని, అది 700 మంది ఉద్యోగుల పనితో సమానమని, ఆ ఏడాది 4 కోట్ల డాలర్ల లాభం చేకూరుతుందని అంచనా చెప్పింది. ప్రపంచమంతా ఆ వార్త చదివింది. 2025 మే నెలకల్లా ఆ సంస్థ అధిపతే ఖర్చు తగ్గించడం మీద అతిగా దృష్టి పెట్టామని, దానివల్ల సేవ నాణ్యత తగ్గిందని ఒప్పుకున్నారు. కోరినవారికి మనిషితో మాట్లాడే వీలుండాలని మళ్ళీ మనుషులను తీసుకోవడం మొదలుపెట్టారు. యంత్రాన్ని తీసేయలేదు. దాని పక్కన మనిషిని మళ్ళీ కూర్చోబెట్టారు.

ఆస్ట్రేలియాలో కామన్వెల్త్ బ్యాంకు 2025లో ఫోన్లకు జవాబు చెప్పే యంత్రం పెట్టి 45 ఉద్యోగాలు తీసివేస్తున్నట్లు ప్రకటించింది. ఫోన్ల రద్దీ తగ్గిందని కారణం చెప్పింది. ఉద్యోగుల సంఘం దానిని సవాలు చేసింది. రద్దీ తగ్గకపోగా పెరుగుతోందని, ఉన్నవారిచేత అదనపు గంటలు పనిచేయిస్తున్నారని వాదించింది. ఆగస్టులో బ్యాంకు తన నిర్ణయం పొరపాటని ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, దానిని వెనక్కి తీసుకుంది.

మాన్పించడానికయ్యే ఖర్చు, మళ్ళీ పిలవడానికయ్యే ఖర్చు, ఈ మధ్యలో విసిగి వెళ్ళిపోయిన ఖాతాదారుల నష్టం, ఇవేవీ యంత్రం బిల్లులో ఉండవు. అనుభవమున్న మనిషి గేటు దాటి వెళ్ళిపోతే అతనితో పాటు పదేళ్ళలో నేర్చుకున్నది కూడా వెళ్ళిపోతుంది. అది ఏ ఖాతా పుస్తకంలోనూ రాయబడలేదు కనుక పోయినట్లు కూడా ఎవరికీ తెలియదు.

6. తప్పు జరిగితే బాధ్యత ఎవరిది?

ఎయిర్ కెనడా విమాన సంస్థ వెబ్‌సైటులో ప్రశ్నలకు జవాబులిచ్చే యంత్రం ఉండేది. 2022లో దగ్గరి బంధువు చనిపోయిన ఒక ప్రయాణికుడు దానిని అడిగాడు. ముందు పూర్తి ధరకు టికెట్టు కొని, తరువాత 90 రోజుల్లోగా అర్జీ పెట్టుకుంటే దుఃఖ సమయపు రాయితీ వస్తుందని అది చెప్పింది. అది సంస్థ నియమాలకు విరుద్ధం. సంస్థ డబ్బు ఇవ్వనన్నది. వివాదం పరిష్కార మండలికి వెళ్ళింది. యంత్రం మాటలకు యంత్రమే బాధ్యురాలని, తమకు సంబంధం లేదన్నట్లు సంస్థ వాదించింది. 2024 ఫిబ్రవరిలో మండలి ఆ వాదనను తోసిపుచ్చి, ప్రయాణికుడికి సుమారు 812 కెనడా డాలర్లు చెల్లించమని తీర్పు చెప్పింది.

మొత్తం చిన్నదే. సూత్రం మాత్రం పెద్దది. యంత్రం తప్పు చేస్తే జవాబు చెప్పవలసింది దానిని పెట్టుకున్న యజమానే. కాబట్టి యంత్రం రాసినదాన్ని చదివి, సరిచూసి, సంతకం పెట్టే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి జీతం యంత్రం ఖర్చులోనే కలపాలి. మన ఊరి వ్యాపారి యంత్రంతో రాయించిన కొటేషనులో ఒక సున్నా తప్పుపడితే, యంత్రం అమ్మినవాడు వచ్చి నష్టం భరించడు.

7. కనబడని చెమట

కాతిబు చేతిరాత యంత్రంలో దాగి ఉందని పైన చెప్పుకున్నాము. ఎ.ఐ. లోపల కూడా అలాగే ఎందరి కష్టమో ఉంది. బొమ్మ చూపించి ఇది కారు, ఇది ఆవు, ఇది రోడ్డు దాటుతున్న బిడ్డ అని లక్షలసార్లు ఎవరో గుర్తులు పెడితేనే యంత్రం నేర్చుకుంటుంది. ఛాట్‌జీపీటీకి మంచి చెడు నేర్పడానికి కెన్యాలో కొందరు గంటకు 2 డాలర్ల కంటే తక్కువకు, చదవడానికే భయపడే రాతలను చదివి వేరుచేశారని 2023 జనవరిలో టైమ్ పత్రిక వెల్లడించింది.

మన దేశంలోనూ ఈ పని జరుగుతోంది. నవాబు వాజిద్ అలీ షా తన చివరి రోజులు గడిపిన కలకత్తా మటియాబుర్జ్ ఇప్పుడు దర్జీ పనికి పేరుపొందిన ముస్లిం పేట. ఐమెరిట్ అనే సంస్థ అక్కడ ఒక కేంద్రం పెట్టింది. అక్కడి ఆడపిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని బొమ్మలకు గుర్తులు పెడుతున్నారు. ఇంటి గడప దాటని కుటుంబాల నుండి వచ్చి సంపాదిస్తున్నవారు అందులో ఉన్నారు. ఒకే యంత్రం ఒకచోట మన అమ్మాయి ఉద్యోగాన్ని తీసుకుంది, మరొకచోట మన అమ్మాయికే ఉద్యోగం ఇచ్చింది. అందుచేత యంత్రాన్ని దయ్యమని తిట్టడం గానీ, వరమని పొగడడం గానీ మాకు సరికాదనిపిస్తుంది. ఎవరికి ఎంత కూలి ముడుతోంది అని అడగడమే సరైన పద్ధతి. కూలివాని హక్కు గురించి మనమందరం చిన్ననాటి నుండి విన్నదే. అది యంత్రం వెనుకనున్న కూలివానికీ వర్తిస్తుంది.

కరెంటు సంగతి కూడా ఉంది. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లన్నీ కలిసి 41,500 కోట్ల యూనిట్లు వాడాయి. అది ప్రపంచపు మొత్తం వాడకంలో సుమారు ఒకటిన్నర శాతం. 2030 నాటికి ఇది 94,500 కోట్ల యూనిట్లకు చేరవచ్చని అంచనా. ఇదంతా ఎ.ఐ. వాడకమే కాదు, కానీ పెరుగుదలకు అది ఒక ప్రధాన కారణం.

8. యంత్రం పక్షాన చెప్పవలసిన మాట

ఒక పక్షమే చెబితే అది పాఠం కాదు. 2023లో అమెరికా ఆర్థికవేత్తలు ఒక సంస్థలో ఖాతాదారుల ప్రశ్నలకు జవాబులిచ్చే 5 వేలమందికి పైగా ఉద్యోగులను పరిశీలించారు. వారిని మాన్పించకుండా, వారి పక్కన ఎ.ఐ. సలహాదారుని పెట్టారు. గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తగా చేరినవారిలో, అనుభవం తక్కువ ఉన్నవారిలో 34 శాతం పెరిగాయి. అనుభవజ్ఞులలో పెద్ద తేడా లేదు.

దాతలు ఈ అంకెలను మరొకసారి చదవాలని మా మనవి. అనుభవజ్ఞులు ఎలా మాట్లాడతారో యంత్రం నేర్చుకుని, దాన్ని కొత్తవారి చెవిలో వేసింది. మన సంఘం ఉపకార వేతనాలతో చదివే పిల్లలకు ఇంట్లో చెప్పేవారు లేరు, ఆఫీసులో తెలిసినవారు లేరు. వారు ఎప్పుడూ కొత్తవారే. వారి స్థానంలో పెట్టిన యంత్రం వారిని వీధిలో పడేస్తుంది. వారి చేతికిచ్చిన యంత్రం వారిని ముందుకు తీసుకెళ్ళగలదు. వస్తువు ఒక్కటే, పెట్టే చోటు వేరు.

9. మన కొట్టు లెక్క

ఇప్పుడు ఆ పెద్దమనిషి కొట్టు లెక్క చేద్దాం. అంకెలు మేము ఉదాహరణకు అనుకున్నవి. మీ అంకెలు వేసుకుని మీరే చేసుకోవచ్చు.

గుమస్తా జీతం నెలకు 18,000. సంవత్సరానికి 2,16,000. యంత్రం చందా నెలకు 2,000. సంవత్సరానికి 24,000. పైకి చూస్తే 1,92,000 మిగులు.

గుమస్తా రోజుకు 8 గంటలు ఏం చేస్తాడో రాయండి. ఉత్తరాలు, బిల్లులు రాయడం 2 గంటలు. మిగతా 6 గంటలు సరుకు దించుకోవడం, బాకీలకు తిరగడం, వచ్చినవారితో మాట్లాడడం, ఎవరికి అరువు ఇవ్వవచ్చో ఎవరికి ఇవ్వకూడదో చెవిలో చెప్పడం. యంత్రం చేయగలిగింది ఆ 2 గంటల పనే. దాని విలువ జీతంలో నాలుగో వంతు, 54,000. అందులో చందా 24,000 తీసేస్తే 30,000. యంత్రం రాసినదాన్ని సరిచూడడానికి రోజుకు అరగంట. దాని విలువ 13,500. మిగిలింది 16,500.

లాభం ఉంది. అయితే 1,92,000 కాదు, 16,500. అదీ గుమస్తాను ఉంచుకుంటేనే. ఎందుకంటే మిగతా 6 గంటల పని చేసేది అతనే. అతని జీతం ఎలాగూ ఇస్తారు కనుక ఆ 16,500 కూడా నేరుగా గల్లాపెట్టెలోకి రాదు. రోజుకు గంటన్నర సమయంగా వస్తుంది. ఆ సమయాన్ని అతనిచేత జీఎస్టీ లెక్కలు నేర్పించి చేయించుకుంటే లాభం. ఊరికే కూర్చోబెడితే చందా దండగ.

ట్యూషన్ సెంటరు సంగతి. ఒక నెల రోజులు ఇద్దరు టీచర్లకు ఎ.ఐ. ఇచ్చి చూశాము. ప్రశ్నపత్రాలు తయారుచేయడంలో, ఒకే లెక్కను నాలుగు రకాలుగా వివరించడంలో వారికి ఎంతో సమయం కలిసివచ్చింది. ఒక వారం పిల్లలను నేరుగా యంత్రం ముందు కూర్చోబెట్టాము. చురుకైనవారు ముగ్గురు నలుగురు బాగా వాడుకున్నారు. మిగతావారు "అర్థమైందా?" అని అది అడిగితే "అర్థమైంది" అని కొట్టి తరువాతి పేజీకి వెళ్ళిపోయారు. మాకు ముప్పై ఏళ్ళ అనుభవంలో తెలిసిందేమిటంటే, పిల్లవాడు అర్థమైందని చెప్పినప్పుడు టీచరు వినేది ఆ మాటను కాదు, చూసేది ముఖాన్ని. ఆ వారంలోనే ఒక కుర్రాడు మూడు రోజులు రాలేదు. టీచరు వాళ్ళింటికి వెళ్ళింది. తండ్రికి ఒంట్లో బాగాలేక కుర్రాణ్ణి మెకానిక్ షెడ్డులో పెట్టారు. మాట్లాడి వెనక్కి తెచ్చింది. యంత్రానికి ముందు కూర్చున్నవారే తెలుసు. రానివారి ఇంటికి అది వెళ్ళదు.

అందుచేత విద్యా కమిటీ తరఫున మా సూచన ఇది: నలుగురు టీచర్లనూ కొనసాగించాలి. వారికి కలిపి ఒక చందా కట్టాలి. మిగిలిన వారి సమయాన్ని వెనుకబడిన పిల్లలకు కేటాయించాలి. నెలకు 24 వేలు 26 వేలవుతుంది. పొదుపు చేయమని అడిగితే ఖర్చు పెంచుతున్నామని మాకు తెలుసు. సంవత్సరాంతంలో ఫలితాలు మీ ముందు పెడతాము. మా లెక్క తప్పైతే మీరే దిద్దండి.

10. ఆ అమ్మాయికి జవాబు

డేటా ఎంట్రీ కోర్సును ఎంచుకున్నది మేమే. త్వరగా నేర్చుకోవచ్చు, త్వరగా ఉద్యోగం వస్తుంది అనుకున్నాము. త్వరగా నేర్చుకోగలిగింది యంత్రం కూడా త్వరగా నేర్చుకుంటుందన్న ఆలోచన మాకు రాలేదు. ఈ పొరపాటు మాది. ఇకపై కోర్సు ఎంచుకునే ముందు మూడు విషయాలు చూడాలని నిర్ణయించుకున్నాము. ఆ పనిలో తప్పొప్పులు సరిచూసి బాధ్యత తీసుకోవడం ఉందా? మనుషులతో ముఖాముఖి మెలగడం ఉందా? యంత్రాన్ని పనిముట్టుగా వాడడం అందులో నేర్పుతారా?

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక ఆడిటరు గారి దగ్గర లెక్కలు నేర్చుకుంటూ పనిచేస్తోంది. యంత్రం చదివిన బిల్లులను అసలు బిల్లులతో సరిచూడడం ఆమె పని. జీతం 12 వేలు, అంటే మునుపటి కంటే 2 వేలు తక్కువ. అంతా బాగైపోయిందని మేము చెప్పడం లేదు. ఆమెతో పాటు పని పోయిన మిగతా ఐదుగురిలో ఇద్దరు మన దగ్గర చదివినవారే. వారు ఇంకా ఇంట్లోనే ఉన్నారు. వారి ఆరు నెలల శిక్షణకు ఈ సంవత్సరం నిధి నుండి మొదటి కేటాయింపు జరగాలని మా కోరిక.

ఇంటి దగ్గర, కొట్టు దగ్గర చర్చించుకోవలసిన ప్రశ్నలు

1. మీ దగ్గర పనిచేసేవారు రోజంతా ఏయే పనులు చేస్తారో విడివిడిగా రాయండి. అందులో యంత్రం చేయగలిగినవి ఎన్ని?

2. యంత్రం చేసిన పనిని ఎవరు సరిచూస్తారు? వారి సమయాన్ని ఖర్చులో కలిపారా?

3. ఒక పొరపాటు జరిగితే ఎక్కువలో ఎక్కువ ఎంత నష్టం? ఎవరు భరిస్తారు?

4. మిగిలిన సమయాన్ని దేనికి వాడతారు? ముందే నిర్ణయించారా?

5. ఒకరిని మాన్పించక తప్పని పరిస్థితి వస్తే, వారికి వేరే పని నేర్పించడానికి మీరెంత ఇవ్వగలరు? అది మీ లెక్కలో ఉందా?

అయిదో ప్రశ్నకు జవాబు రాసుకున్న వ్యాపారులు ఆ కాగితాన్ని సంఘ కార్యాలయంలో ఇవ్వవలసిందిగా మనవి. ఇన్షా అల్లాహ్, వచ్చే సమావేశంలో ఆ జవాబులన్నీ కలిపి ఒక శిక్షణ నిధిగా మీ ముందుంచుతాము.